నోనా దిగిపోయిన ఊరు

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీ నుంచి ఇద్దరం బయలుదేరాం. నెల తిరక్కముందే నేనొక్కదాన్నే వెనక్కి వచ్చాను. మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టులో నాతో బయలుదేరినావిడ పెద్దకొడుకు నిలబడి ఉన్నాడు. తల్లి రావడం లేదని ముందే ఫోన్లో చెప్పాను. అయినా నా వెనకాల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న తలుపుల వైపే చూశాడు. ఇన్నేళ్ళైనా ఆ చూపు మరిచిపోలేదు.

ఆవిడ మా పక్కింటావిడ. డెబ్బై దాటిన ఇటలీ మనిషి. మేం ఆ వీధిలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు చుట్టుపక్కల మనవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు వెర్రిబీలో కూరగాయల కొట్టుకి వెళ్తే నలుగురిలో ఒకరు తెలుగులో పలకరిస్తారు గానీ, అప్పట్లో అక్కడ పాతకాపులంటే ఇటలీ వాళ్ళే. సముద్రం వైపు కాలీఫ్లవర్ తోటలన్నీ వాళ్ళవే. ఆవిడ భర్త ఆ తోటల్లో పనిచేసి, రిటైరయ్యి, మేం రాకముందే పోయాడు. కొడుకులిద్దరు. పెద్దవాడికి దగ్గర్లోని జీలాంగ్‌లో లారీల రిపేరు షెడ్డు ఉంది. చిన్నవాడు దేశం అవతలి ఒడ్డున పెర్త్‌లో. మనవలు ఆవిడని 'నోనా' అనేవాళ్ళు. వాళ్ళ భాషలో అమ్మమ్మకీ నానమ్మకీ ఒకటే మాట. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

పరిచయం కంచె మీదుగా అందించిన వంకాయలతో మొదలైంది. "గుడ్. యూ టేక్," అనేది. నేను గుత్తివంకాయ చేసి గిన్నెలో తిరిగి ఇస్తే, మర్నాడు ఖాళీ గిన్నె పట్టుకుని, "గుడ్. హాట్. గుడ్," అంది. నలభై అయిదేళ్ళుగా ఆ దేశంలో ఉంటున్నా ఆవిడ ఇంగ్లీషు అంతకు మించి ఎక్కువ దూరం వెళ్ళేది కాదు. మాట కోసం వెతుక్కుంటూ ఆగేది. దొరక్కపోతే చేత్తో గాల్లో ఏదో బొమ్మ గీసి, నవ్వి ఊరుకునేది. ఎదుటివాళ్ళు గబగబా మాట్లాడితే తల ఊపేది. కొడుకు ఆదివారాలొచ్చి సరుకులు సర్దిపెట్టి, బిల్లులు కట్టి, చిన్నపిల్లకి చెప్పినట్టు అన్నీ రెండేసి సార్లు చెప్పి వెళ్ళేవాడు. మంచివాడే. తల్లి తన భాషలో ఏదైనా అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు.

"పాపం మంచావిడండీ. కాస్త నెమ్మది," అన్నాను ఒకసారి మా ఆయనతో.

"పెద్దవాళ్ళు కదా, అంతేలే," అన్నారాయన.

అప్పట్లో మేమిద్దరం రెండు వేల సంవత్సరం గండం గట్టెక్కించే పనిలో ఉన్నాం. మాది తెనాలి. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి, పెళ్ళై, స్కిల్డ్ వీసా మీద వచ్చాను. సిటీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో నాకు కాంట్రాక్టు ఉద్యోగం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసి పెట్టారు కాబట్టి, తొంభై తొమ్మిది తరవాత సున్నా సున్నా వస్తే మెషీను దాన్ని పంతొమ్మిది వందలనుకుంటుంది. అలాంటి చోట్లన్నీ వెతికి సరిచేయడం నా పని. ఉదయం రైల్లో వెళ్ళి, చీకటి పడ్డాక రైల్లో రావడం. ఆఫీసులో నేను పెద్దగా మాట్లాడేదాన్ని కాను. మీటింగుల్లో చెప్పవలసిన వాక్యం మనసులో కూర్చుకునేసరికి వాళ్ళు తరవాతి విషయానికి వెళ్ళిపోయేవాళ్ళు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, బ్యాంకులు తెరుచుకున్నాయి. ప్రపంచం మునిగిపోతుందన్న పేపర్లే అసలిదంతా ఉత్త హడావుడని రాశాయి. ఫిబ్రవరిలో అక్కడి వేసవి అయిపోయేలోగా మా బృందం మొత్తాన్ని ఒక గదిలోకి పిలిచి, కేకు కోసి, కాంట్రాక్టులు ముగిశాయని చెప్పారు. పని బాగా చేశాం కాబట్టే పని పోయింది. చేతిలో కేకు ముక్కతోనే ఇంటికి రైలెక్కాను.

ఆ తరవాత ఇంట్లో కూర్చుని, పగటిపూట నోనాని మొదటిసారి సరిగ్గా చూశాను. మధ్యాహ్నాలు ఆవిడ వంటింట్లో కూర్చుని కాఫీ తాగేవాళ్ళం. ఒకరోజు ఆవిడ మాటలు కూడబలుక్కుని అడిగింది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే, ఆవిడది ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నేను మా ఊరు వెళ్ళాలి. నువ్వు తోడు వస్తావా?"

"మీ అబ్బాయి ఉన్నారుగా?"

"వాడు వారం రోజులంటాడు. విమానం, కారు, విమానం. నేను వెళ్ళలేను అలా."

ఆవిడది త్రియెస్తే. ఇటలీ ఈశాన్యపు మూల, సముద్రం ఒడ్డున ఉన్న పాత రేవు పట్నం. యుద్ధం అయిపోయి, పనుల్లేక, ఓడలకు ఓడలు జనం ఆస్ట్రేలియా వచ్చేసిన రోజుల్లో ఆవిడా భర్తతో వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, మొదట డబ్బుల్లేవు, తరవాత పిల్లలు, తరవాత ఆయన జబ్బు అని వేళ్ళు ముడిచింది.

"వచ్చేటప్పుడు ఓడలో నెల పట్టింది. రోజూ కొంచెం కొంచెం దూరమయ్యాను. అందుకే బతికాను. ఇప్పుడు ఒక్క రోజులో తీసుకెళ్ళి అక్కడ పెడితే నా గుండె ఆగిపోతుంది. రోమ్‌లో దిగి, రైల్లో మెల్లగా, ఊరూరా ఆగుతూ వెళ్దాం."

ఖర్చులు ఆవిడే పెట్టుకుంది. కొడుకు నన్ను పక్కకి పిలిచి, మందుల డబ్బా చేతికిచ్చి, "మెట్లెక్కేటప్పుడు చెయ్యి పట్టుకో. రోడ్డు దాటేటప్పుడు కూడా. తనకి కంగారెక్కువ," అన్నాడు. సరేనన్నాను.

ఆ ఏడు రోమ్‌లో క్రైస్తవులకేదో పెద్ద పుణ్యకాలం. రాజమండ్రి పుష్కరాల్లాగా జనం. అక్కడ ఒక్క రాత్రి ఉండి, మర్నాడు పాసింజరు రైలెక్కి ఓర్వియేతోలో దిగాం. ఒక పెద్ద బండరాతి మీద నిలబెట్టినట్టుండే ఊరు. అక్కడ ఏమేం చూడాలో ముందే గైడు పుస్తకంలో గుర్తులు పెట్టుకున్నాను. ఉదయం చర్చి, తరవాత బావి, తరవాత మ్యూజియం. నోనా ఉదయం టిఫిను తిని, సందు చివర ఒక బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు.

"చర్చి మూసేస్తారు నోనా."

"ఆరేడు వందల ఏళ్ళుగా ఉంది. రేపు కూడా ఉంటుంది."

నాకు విసుగొచ్చింది. పక్కనే కూర్చుని కాళ్ళు ఊపుతూ వాచీ చూసుకుంటున్నాను. ఎదురుగా ఉన్న ఇంటి కిటికీలోంచి ఒకామె దుప్పటి దులిపింది. పిల్లి ఒకటి నీడ జరిగినప్పుడల్లా తనూ జరిగి పడుకుంటోంది. పనిలేక ఆ ఇంటి ద్వారబంధం వైపు చూశాను. రాతిలో అరిగిపోయిన అంకెలేవో చెక్కి ఉన్నాయి. నోనా చదివి చెప్పింది, ఇల్లు కట్టిన సంవత్సరమట. నాలుగంకెలూ పూర్తిగా చెక్కించాడు ఆ ఇంటాయన, ఎన్ని శతాబ్దాలు గడిచినా పొరపాటు పడకుండా. రెండేళ్ళుగా నేను చేసిన పనంతా ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది. మెషీన్లో చోటు మిగుల్చుకోవడానికి శతాబ్దాన్నే కోసేసిన వాళ్ళ మధ్యనుంచి వచ్చాను నేను. ఆ రాయికి పైనున్న కిటికీలో ఆమె మళ్ళీ ఇంకో దుప్పటి దులుపుతోంది. అప్పట్నుంచి వాచీ చూడటం తగ్గింది.

తరవాత దిగిన ఊరు బొలోన్యాలో వాన పట్టుకుంది. గొడుగు తెచ్చుకోలేదని కంగారుపడ్డాను గానీ అక్కర్లేకపోయింది. ఆ ఊళ్ళో వీధులకి రెండు వైపులా ఇళ్ళ ముందు వసారాలే. మన పాత ఇళ్ళ ముందుండే వసారాని మైళ్ళ పొడవున సాగదీసి ఊరందరికీ ఇచ్చేసినట్టుంటుంది. వాన బయట కురుస్తుంటే లోపల జనం నడుస్తూ, నిలబడి కబుర్లు చెప్పుకుంటూ, సైకిళ్ళు నెట్టుకుంటూ పోతున్నారు. మేం రోజుకొక వీధి నడిచాం. ఎక్కడికీ కాదు, ఊరికే. మూడో రోజో నాలుగో రోజో, ఒక స్తంభానికి ఆనుకుని వాన చూస్తున్న నాకు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. ఎందుకో తెలీలేదు. తెనాలి నుంచి హైదరాబాదు, అక్కడ్నుంచి మెల్‌బోర్న్, ఇల్లు, రైలు, ఆఫీసు. చేరడానికి కాకుండా ఊరికే నడవడానికి నేను వీధిలో నడిచి ఎన్నేళ్ళైందో గుర్తు రాలేదు. నోనా సంచీలోంచి చేతిరుమాలు తీసిచ్చి, తనూ వాన వైపు చూస్తూ నిలబడింది.

అప్పటిదాకా ఆవిడ మారలేదు. రోమ్‌లో, ఓర్వియేతోలో, బొలోన్యాలో వాళ్ళ ఇటాలియన్‌లో పొదుపుగా నాలుగు మాటలు మాట్లాడేది. నా చెయ్యి పట్టుకునే నడిచేది. నోనా వాళ్ళ ఊళ్ళో ఇళ్ళల్లో మాట్లాడేది వేరే యాసట, దాదాపు వేరే భాషేనట. ఆ సంగతి నాకు త్రియెస్తే చేరాకే తెలిసింది.

రైలు కొండ అంచుకి రాగానే కుడివైపు కింద సముద్రం కనపడింది. నోనా లేచి నిలబడి, స్టేషను వచ్చేదాకా అలాగే నిలబడింది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. జుట్టు సర్దుకుంది.

బస ఒక విధవరాలి ఇంట్లో పై గది. సామాను పెట్టి, దగ్గర్లోని కాఫీ హోటలుకి వెళ్ళాం. పాతది. పాలరాతి బల్లలు, గోడలకి మరకలు పడిన అద్దాలు. అరవై ఏళ్ళ వెయిటరు వచ్చి ఏదో అడిగాడు. నోనా అతని వైపు తలెత్తి చూసి, ఒక్క గుక్కలో ఏదో అంది. అతను ట్రే పట్టుకుని ఆగిపోయాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న ముసలాయన కాగితం దించి ఏదో అన్నాడు. నోనా మెడ కూడా తిప్పకుండా ఇంకో మాట విసిరింది. ఈసారి నాలుగు బల్లలూ నవ్వాయి.

నేను నిర్ఘాంతపోయాను. నా పక్కన కూర్చున్నది ఎవరో అర్థం కాలేదు. ఆ కనుబొమలు అలా ఎగరడం, పెదవి ఓ పక్కకి అలా వంకర తిరగడం నేనెప్పుడూ చూడలేదు. మాట కోసం ఆగడం లేదు. చేతులు గాల్లో వెతుక్కోవడం లేదు.

"ఏమన్నారు నోనా?"

"ఏం లేదు. ఇంగ్లీషులో చెప్తే నవ్వు రాదు," అంది.

అక్కడ్నుంచి రోజూ నాకొక వింతే. చేపల అంగడిలో మనిషిని నిలబెట్టి కడిగేసింది, వాడు నవ్వుతూ ఇంకో చేప ఎక్కువ వేశాడు. కొండ మీదికి వెళ్ళే నిటారు వీధుల్లో నాకంటే ముందు నడిచింది. చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. ఆవిడ పుట్టిన ఇల్లు ఆ కొండ మీదే. నాలుగైదు రోజులు ఆ ఇంటి వీధి వైపు మాత్రం పోలేదు. పోయిన రోజు, ఎదుటి గోడకి ఆనుకుని కాసేపు చూసింది. మూడో అంతస్తులో ఎవరివో పసిపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి.

"బెల్లు కొడదామా?"

"ఎందుకు? ఎవరో ఉంటున్నారు. మంచిది," అని కిందికి దిగడం మొదలుపెట్టింది. ఇంటి కోసం రాలేదని నాకప్పుడు అర్థమైంది. దేనికోసం వచ్చిందో మాత్రం తెలీలేదు.

ఆ ఊళ్ళో సముద్రంలోకి పొడుగ్గా చొచ్చుకుపోయిన ఒక రాతి కట్ట ఉంది. ఒకప్పుడు ఓడలు కట్టేవాళ్ళట. ఇప్పుడు సాయంత్రాలు జనం దాని చివరిదాకా నడిచి, నీళ్ళు చూసి, వెనక్కి నడుస్తారు. అదే పని. తిరుగు ప్రయాణం దగ్గరపడ్డ ఒక సాయంత్రం మేమూ ఆ చివర కూర్చున్నాం.

"నేను రాను," అంది.

"కాఫీకా?"

"మెల్‌బోర్న్‌కి."

ఇంగ్లీషు తడబడి వేరే ఏదో అంటోందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. 

"ఇక్కడ మీకెవరున్నారు నోనా?"

"ఎవరూ లేరు. అందరూ పోయారు. నేనున్నాను."

"మీవాళ్ళంతా అక్కడున్నారు. ఇల్లుంది. పిల్లలు, మనవలు."

"అందరూ ఉన్నారు. నేనే లేను." నా వైపు తిరిగింది. "నిజం చెప్పు. అక్కడ నన్ను చూసి ఏమనుకున్నావు? మంచి మనిషి, కాస్త మందబుద్ధి. అంతేనా?"

నా మొహం కందిపోయింది. 

"నీ తప్పు కాదు. అందరికీ అలాగే కనపడతాను. నా కొడుకులకి కూడా. నేను మా భాషలో మాట్లాడితే వాళ్ళకి అర్థమవుతుంది. కానీ నవ్వరు. నవ్వు రావాలంటే అర్థమైతే చాలదు. నా మొగుడొక్కడే నవ్వేవాడు. ఆయన పోయాక నేనేమన్నా నవ్వేవాళ్ళు లేరు." సముద్రం వైపు చూస్తూ ఇంకో మాట అంది. "నువ్వు మీ భాషలో ఎలా ఉంటావో నాక్కూడా తెలీదు. చురుకైనదానివేమో."

ఆ మాట తరవాత చాలాసార్లు గుర్తొచ్చింది. కానీ అప్పుడు నా భయం నాది.

"ఎక్కడుంటారు? జబ్బు చేస్తే ఎవరు చూస్తారు?"

అదంతా కుదిరిపోయిందట. మేం దిగిన ఇంటావిడకి కింది గదిలో తోడు కావాలట. ఇద్దరూ మూడు రోజుల కిందట భోజనాల బల్ల దగ్గర మాట్లాడేసుకున్నారు. నా ఎదురుగానే. ఆ సంభాషణంతా ఒక్క ముక్క అర్థం కాక, మర్యాదకి నవ్వుతూ కూర్చున్నది నేనే.

మర్నాడు పొద్దున్న వీధి చివర ఫోను బూతు నుంచి పెద్దకొడుక్కి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం. విషయం చెప్పాను.

"అమ్మకి బాగాలేదా? కంగారుపడుతోందా?"

"లేదు. చాలా బాగున్నారు. ఇక్కడ కాఫీ హోటల్లో అందరినీ నవ్విస్తున్నారు."

"నువ్వే కదా తీసుకెళ్ళావు. నువ్వే తీసుకురావాలి," అన్నాడు. గొంతు పెంచలేదు. "తనకివ్వు ఫోను."

నోనా తన భాషలో మాట్లాడింది. పెద్దగా ఏమీ కాదు, నాలుగు నిమిషాలు. పెట్టేశాక అడిగాను ఏమన్నాడని.

"మాత్రలు వేసుకున్నానా అని అడిగాడు," అంది.

స్టేషనులో నన్ను రైలెక్కించిన మనిషి ఆవిడే. నా పెట్టె తనే లాగింది. కిటికీ దగ్గర నిలబడి, జాగ్రత్తగా వెళ్ళు, ఎవరితోనైనా మాట్లాడు అని చెప్పింది. రైలు కదిలాక కూడా నాకు నమ్మకం కుదర్లేదు. ఎదుటి సీటు వైపు పదే పదే చూశాను.

ఎయిర్‌పోర్టు నుంచి కొడుకే నన్ను జీలాంగ్ రోడ్డు మీదుగా కారులో తీసుకొచ్చాడు. వెర్రిబీ మలుపు దగ్గర అడిగాడు.

"అక్కడ వాళ్ళు నవ్వారన్నావు కదా. మా అమ్మ ఏమంటే నవ్వారు?"

"నాకు వాళ్ళ భాష రాదు."

"మా అమ్మ జోకులేస్తుందా?" అని మళ్ళీ తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

ఇంట్లో మా ఆయన కూడా నన్నే తప్పుపట్టారు. "ఏంటి నువ్వు చేసిన పని? పెద్దావిడని హాలిడేకని తీసుకెళ్ళి వదిలేసి రావడమేంటి? రేపు ఏదన్నా అయితే రెస్పాన్సిబిలిటీ ఎవరిది?"

"నేను వదల్లేదండీ. ఆవిడే దిగిపోయింది."

ఆ సంవత్సరమంతా పక్కింటి కిటికీల వైపు చూడలేకపోయాను. పెర్త్‌లో చిన్నకొడుకు తల్లితో మాట్లాడటమే మానేశాడని తెలిసింది. పెద్దతను మాత్రం చలికాలం ఎలాగోలా గడిపి, ఆవిణ్ణి వెంటబెట్టుకొస్తానని బయల్దేరి వెళ్ళాడు. మూడు వారాల తరవాత ఒక శనివారం, పక్కింట్లో గడ్డి కోస్తున్న చప్పుడు వినపడి బయటికి వచ్చాను. అతనొక్కడే ఉన్నాడు. మెషీను ఆపి కంచె దగ్గరికొచ్చాడు.

"ఆ కాఫీ హోటల్లో కూర్చోబెట్టింది నన్ను. అందరికీ నా గురించే చెప్పింది. చిన్నప్పుడు నేను కోడికి స్నానం చేయించిన కథ. నాకు తెలిసిన కథే. ఇంట్లో వందసార్లు చెప్పింది. ఎప్పుడూ నవ్వు రాలేదు." చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "అక్కడ అందరూ నవ్వుతుంటే నాకూ ఆగలేదు. మా అమ్మ ఎంత ఫన్నీ మనిషో నాకు నలభై దాటాక తెలిసింది."

 ఇద్దరం కంచెకి అటొకరు ఇటొకరు నిలబడ్డాం.

నోనా ఆ ఊళ్ళో ఏడు చలికాలాలు గడిపింది. మధ్యలో తుంటి విరిగినప్పుడు కొడుకు వెళ్ళి రెండు నెలలుండి వచ్చాడు. చిన్నవాడు కూడా చివరికి పిల్లల్ని తీసుకుని వెళ్ళాడు. అక్కడే పోయింది. భర్త సమాధి ఇక్కడుంది కదా, ఆవిణ్ణి ఇక్కడికి తేవాలా అని కొడుకులు కొంత తర్జనభర్జన పడ్డారట. చివరికి అక్కడే ఉంచారు.

ఆవిడ ఉండగా మేం ఒకసారి వెళ్ళాం. సాఫ్ట్‌వేర్ బుడగ పగిలి మా ఆయన ఉద్యోగం కూడా ఊడిన సంవత్సరం అది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, పది ఊళ్ళు రెండు వారాల్లో తిరిగేలా ఆయన ఒక ప్లాను గీశారు. అందులో తొమ్మిది ఊళ్ళు నేను కొట్టేశాను.

"ఒక్క ఊళ్ళో అన్ని రోజులు ఏం చేస్తామే? బోర్ కొట్టదూ?" అన్నారు.

"కొడుతుంది. రెండు రోజులు," అన్నాను.

నోనా స్టేషనుకొచ్చింది. సన్నబడింది. పెదాలకి రంగు వేసుకుంది. నా బుగ్గలు రెండూ పట్టుకుని చూసి, మా ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, పక్కనున్న మనిషితో ఏదో అంది. వాడు నవ్వాడు. మా ఆయన కంగారుగా చొక్కా సర్దుకున్నారు.

మొదటి రెండు రోజులూ ఆయన నేను చెప్పినట్టే ఇబ్బంది పడ్డారు. మ్యాపు మడతలు విప్పడం, మళ్ళీ మడవడం. మూడో రోజు ఆ రాతి కట్ట మీద తనంతట తనే ఒక గంట కూర్చుని వచ్చారు. ఎక్కడికెళ్ళారని అడిగితే, "ఎక్కడికీ లేదు," అని, ఆ మాట అన్నందుకు తనే ఆశ్చర్యపోయారు.

ఆ సాయంత్రం కాఫీ హోటల్లో నోనా ఏదో కథ చెప్పి అందరినీ నవ్వించింది. అయ్యాక బల్ల మీద తట్టి నా వైపు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు. మీ భాషలో."

"వీళ్ళకి అర్థం కాదు కదా."

"నలభై అయిదేళ్ళు నేను అర్థం కాని మాటలు విన్నాను. వీళ్ళు అయిదు నిమిషాలు వినలేరా?"

వెయిటరు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పించుకోవడానికి లేదు. తెనాలిలో మా పెదనాన్న కథ మొదలుపెట్టాను. పెదనాన్న మా చుట్టాల కుర్రాడి పెళ్ళికి వెళ్ళాడు. వీధిలో ఆ రోజు రెండు పందిళ్ళు. ఆయన పొరపాటున రెండో దాంట్లోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు ఊరుకోలేదు. పెద్దమనిషిలా ముందు వరసలో కూర్చున్నాడు, అక్షింతలు వేశాడు, భోజనాల దగ్గర పులుసులో ఉప్పు లేదని వంటవాణ్ణి పిలిపించి చివాట్లు పెట్టాడు, ఆడపెళ్ళివారు భయపడి మళ్ళీ పులుసు కాయించారు. ఇంటికొచ్చి పడక్కుర్చీలో కూర్చుని దిగులుగా మా పెద్దమ్మతో అన్నాడు. "ఏమేవ్, అంతా బానే జరిగింది గానీ, మన కుర్రాడేంటే, పది రోజుల్లో అంత పొట్టిగా అయిపోయాడు?"

ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలీదు. పెదనాన్న గొంతు, పెద్దమ్మ గొంతు, వణికిపోతున్న వంటవాడి గొంతు, అన్నీ నా నోట్లోంచే వచ్చాయి. ముగించేసరికి హోటలు నిశ్శబ్దంగా ఉంది. అందరూ మర్యాదగా చిరునవ్వుతో చూస్తున్నారు. ఒక్క అక్షరం ఎవరికీ అర్థం కాలేదు.

మా ఆయన మాత్రం బల్ల మీద తల పెట్టి నవ్వుతున్నారు. భుజాలు కదులుతున్నాయి. తలెత్తితే కళ్ళ నిండా నీళ్ళు. ఆయన్ని చూసి ముందు వెయిటరు నవ్వాడు, తరవాత పేపరు ముసలాయన, తరవాత అందరూ. నోనా నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలి, నన్ను కొత్తగా చూస్తోంది.

"పెళ్ళై ఇన్నేళ్ళైంది," అన్నారు మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ. "నువ్విలా మాట్లాడతావని నాకు తెలీదు."

"నాకూ తెలీదండీ," అన్నాను. వెనకాల కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.